కోత పడితేనే సెలవు

నేను ఫిజియోథెరపిస్టును. అందులోనూ ఆడవాళ్ల నడుము కింది భాగం చూసే ఫిజియోథెరపిస్టును. ఈ రెండో మాట నేను శానా ఏండ్లు బయట చెప్పుకోలేదు. చర్చిలో ఎవరన్నా అడిగితే "మోకాళ్లు, భుజాలు చూస్తా" అనేదాన్ని. చుట్టాలైతే మసాజు చేస్తాదంట అనుకున్నారు. అనుకోనీలే అని ఊరుకున్నాను. ఇప్పుడు ఉద్యోగం అయిపోయింది, ఇంక ఎవరి మొహమాటం నాకెందుకు? ఈ పనిలోకి కొత్తగా వస్తాండే ఆడపిల్లలకు కాలేజీలో చెప్పని సంగతులు కొన్ని చెప్తాను. ఇవి సంతోషపెట్టే సంగతులు కావు. ఆ ఆశతో చదివేవాళ్లు ఇక్కడే ఆపేసి వేరే పని చూసుకోవచ్చు.

అందరిదీ నడుం నొప్పే

ప్రొద్దుటూరులో ఒక నర్సింగ్ హోంలో నా ఉద్యోగం. వారంలో ఒక రోజు జమ్మలమడుగుకు, ఒక రోజు పులివెందులకు, వాళ్లవే చిన్న క్లినిక్కులకు పోయేదాన్ని. యాడికి పోయినా నాకిచ్చే గది ఒకటే రకం. స్కానింగు గది వెనక, ఒక మంచం, ఒక కర్టెను, గొళ్లెం సరిగా పడని తలుపు. మీరు చేరిన రోజు మొట్టమొదట చేయాల్సింది ఆ గొళ్లెం బాగుచేయించుకోవడం. నవ్వకండి. గొళ్లెం పడని గదిలో ఏ ఆడమనిషీ నిజం చెప్పదు.

గొళ్లెం పడినా అంత సులువుగా చెప్పదు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే రోగం, నడుం నొప్పి. దగ్గితే, తుమ్మితే ఆపుకోలేక ఒంటికి పడిపోతాంది అని నోరు తెరిచి చెప్పిన మనిషిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. కాన్పులో చిరిగి, గాలి కూడా ఆపుకోలేని చిన్నపిల్ల కూడా నడుం నొప్పే అంటాది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మనవాళ్ల భయం. కాబట్టి నోటిని నమ్ముకోవద్దు, మనిషిని చూడండి. కుర్చీ అంచున కూర్చుంటాది. ఎండన పడి వచ్చినా మంచినీళ్లిస్తే వద్దంటాది. సంచిలో పాతచీర గుడ్డలు మడిచి పెట్టుకొని ఉంటాది. ఇవి చూసినాక కూడా నడుముకు వేడి కాపడం పెట్టి పంపించే ఫిజియోలు ఉండారు. వాళ్లను నేను ఫిజియోలు అనను.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వాళ్ల కోడళ్లు పులివెందుల క్లినిక్కుకు కార్లలో వచ్చేవాళ్లు, ఆడ తమను ఎవరూ గుర్తుపట్టరని. పులివెందుల టీచరమ్మలు బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చేవాళ్లు, అదే లెక్కన. ఒకసారి ఒకే ఇంటి అత్తాకోడళ్లు, ఒకరికి తెలియకుండా ఒకరు బయల్దేరి, జమ్మలమడుగులో నా గది ముందర బెంచీ మీద ఎదురుపడినారు. గండికోట చూద్దామని వచ్చినా అని అత్త అనింది. నేనూ అంతే అత్తా అని కోడలు అనింది. అత్త లేచి పోయింది, మళ్లీ రాలేదు. కోడలు తర్వాత వచ్చింది, బాగుపడింది. ఆ పెద్దామెను తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ వస్తాది, కడుపూ మండుతాది.

అసలు మా పని ఏందంటే, కటి ఎముకల అడుగున ఊయల గుడ్డ మాదిరి కొన్ని కండరాలు ఉంటాయి. మూత్రాశయం, గర్భసంచి, పేగు అన్నీ ఆ గుడ్డ మీదనే ఆధారపడి ఉంటాయి. కాన్పులు, బరువులు, ఎడతెగని దగ్గు దాన్ని సాగదీస్తాయి. సాగిన దాన్ని మళ్లీ బిగువుకు తేవడం మా పని. మందు లేదు, సూది లేదు. ఎట్ల బిగించాలో చెప్పడం, చేయించడం, సరిగ్గా చేస్తాందో లేదో చేత్తో పరీక్షించి చూడటం. పైకి ఏమీ కనపడదు కాబట్టి దీన్ని వైద్యం అని ఎవరూ అనుకోరు. మీ అత్తగారు కూడా అనుకోదు.

మా డాక్టరమ్మ

మా నర్సింగ్ హోం పెద్ద డాక్టరమ్మ చేతి పనితనం గురించి నేను ఒక్క మాట తక్కువ చేసి చెప్పను. ఇంక బతకరు అనుకున్న తల్లులను ఆమె లేపి కూర్చోబెట్టింది, కండ్లారా చూసినాను. కానీ గర్భసంచి అంటే ఆమెకు లోకువ. "పిల్లలైపోయినారు గదమ్మా, ఇంకెందుకది, తీసేద్దాం." ముప్పై దాటిన మనిషికీ అదే మాట, అరవై దాటిన మనిషికీ అదే మాట.

ఒకరోజు కాఫీ తాగేటప్పుడు అడిగినాను. "మేడమ్, గర్భసంచి కొంచెం జారినవాళ్లకు లోపల రబ్బరు రింగు పెట్టి నా దగ్గరికి పంపండి. మూడు నెలలు చూద్దాం. శానామందికి కోత అక్కర్లేదు."

"సుగుణా, నీ మూడు నెలలు ఎవరొస్తారు? వాళ్లే తీసేయమని వస్తాండారు. నేను కాదంటే ఎదురు రోడ్డులో చేయించుకుంటారు. ఆడ నా అంత శుభ్రంగా కూడా కోయరు."

ఆ మాటలో అబద్ధం లేదు. నాకు మంట అదే. రింగులు తెప్పించమంటే, తెప్పిస్తే కడుక్కునేదెవరు, మార్పించుకోను వచ్చేదెవరు అనేది. చెడ్డ బాసు దగ్గర పని చేయడం సులభం, తిట్టుకుని బతకొచ్చు. మంచి చేయి ఉండి, ఆగి ఆలోచించే ఓపిక లేని బాసు దగ్గర పని చేయడం నరకం. ఎందుకంటే రోగులు ఆమెను దేవతనుకుంటారు, ఆమె మాటకు అడ్డం చెప్పిన నిన్ను పిచ్చిదనుకుంటారు.

ఓబులమ్మ

ఓబులమ్మను చూసింది జమ్మలమడుగులో. ముప్పై అయిదు లోపే ఉంటాది. ముగ్గురు పిల్లల తల్లి. చిలమకూరు దోవలో ఒక బండల ఫ్యాక్టరీలో, పాలిష్ పట్టిన నాపరాయి బండలను లారీలకు ఎత్తే కూలి. చేతులు చూస్తే మొగోడి చేతుల మాదిరి ఉండాయి.

"ఏందమ్మా ఇబ్బంది?"

"నడుం నొప్పి మేడమ్."

నేను పోయి గొళ్లెం పెట్టి వచ్చినాను. "కింద ఏమన్నా అడ్డం తగిలినట్టుంటాందా?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మాపటికి దిగొస్తాది మేడమ్. కూర్చుంటే తగుల్తాది. పండుకొని లేస్తే లోపలికి పోతాది. క్యాన్సరా మేడమ్?" అనింది.

క్యాన్సరు కాదు, గర్భసంచి జారుతాంది, ఇంకా పూర్తిగా రాలేదు, బాగుచేసుకోవచ్చు అని చెప్పినాను. మూడు నెలలు బండలు ఎత్తొద్దు అన్నాను.

"ఎత్తకుంటే జోడు పోతాది మేడమ్."

ఆ ఫ్యాక్టరీలో లోడింగు పని మనిషికి ఇవ్వరు, జోడుకు ఇస్తారు. బండకు ఆ కొస మొగుడు, ఈ కొస పెండ్లాం. ఫ్యాక్టరీ వెనక ఉండే రూము కూడా జోడుకే. ఒకరు పడిపోతే రెండో మనిషికి పని లేదు, రూము లేదు. ఇంట్లోంచి ఇంకొకరిని తెచ్చి ఆ కొసకు నిలబెట్టాల్సిందే.

"మీ ఇంట్లో ఇంకెవరుండారు?"

"నా పెద్దకూతురు అనిత. తొమ్మిది చదువుతాంది. వచ్చే ఏడు పది. నీకు చేతగాకుంటే పిల్లను పెడదాం, అది నీకంటే గట్టిగుండాది అంటాండాడు మా ఆయన. నా పాప టీచరు కావాలంటాంది మేడమ్. అది బండ కాడికి రాకూడదు. నాకు బాగైనా కాకున్నా పర్వాలేదు, ఎత్తేటట్టు చేయండి సాలు."

నా దగ్గరికి వచ్చినవాళ్లందరూ తమకోసం అడిగినారు. ఈమె ఒక్కతే కూతురి కోసం అడిగింది. సరే, ఎత్తేటట్టే చేద్దామని మొదలుపెట్టినాను. కింది కండరాన్ని లోపలికి, పైకి ఎట్ల బిగించాలో నేర్పినాను. బరువెత్తేవాళ్లు ఊపిరి బిగబట్టుతారు. బిగబట్టితే ఆ ఒత్తిడంతా కిందికి పోతాది. "ముందు లోపల బిగించు. అప్పుడు ఎత్తు. ఎత్తేటప్పుడు నోటితో ఊపిరి ఇడువు" అని మంచం కింద స్టూలుతో అభ్యాసం చేయించినాను. చురుకైన మనిషి, ఒక్కసారికే పట్టుకుంది.

అయినా గుణం లేదు. వారం వారం వస్తాంది, చేత్తో చూస్తే కండరం బలపడుతాంది, గర్భసంచి మాత్రం ఇంకా దిగుతాంది. నా లెక్క యాడ తప్పుతాందో అర్థం కాలేదు.

ఒకరోజు లారీ ఆలస్యమై, పనిలోంచి నేరుగా పరిగెత్తుకొని వచ్చింది. ఒళ్లంతా రాతిపొడి. మంచం ఎక్కమంటే, "ఆగండి మేడమ్, ఇప్పుకొని వస్తా" అని తలుపు వైపు తిరిగింది. ఏం ఇప్పుతావు అని ఆపి చూసినాను. పాత పంచెను మడతలేసి, నడుముకూ పొత్తికడుపుకూ కలిపి, ఊపిరాడనంత బిగువుగా కట్టింది.

"ఇదేందమ్మా?"

"నడికట్టు మేడమ్. బండలెత్తే ఆడోళ్లం అందరం కట్టుకుంటాం. ఎంత దిగితే అంత బిగిస్తా. ఇది లేకుంటే నిలబడలేను."

"ఇన్ని వారాలూ నాకెందుకు చూపించలేదు?"

"చెమట గుడ్డ గదా. మీ ముందరికి ఎట్ల వస్తాను దాంతో? బయటనే ఇప్పి సంచిలో పెట్టుకుంటాంటి."

నీళ్ల ప్యాకెట్టును నడిమి పట్టుకొని పిసికితే నీళ్లు యాడికి పోతాయి అని అడిగినాను. ఆమె తన కడుపు దిక్కు చూసుకునింది. "అంటే నేనే తోసుకుంటాండానా మేడమ్?" అని నవ్వింది. నవ్వినాక ఏడ్చింది. ఆమె తప్పు కాదు. ఆమె అత్త కట్టుకుంది, అత్త అత్త కట్టుకుంది. జారేదాన్ని కట్టి నిలబెట్టాలనుకోవడం ఎవరికైనా తోచే మాటే.

అమ్మాయిలూ, ఇది గుర్తుపెట్టుకోండి. కష్టం చేసుకునే ఆడవాళ్లు మన ముందరికి వచ్చేటప్పుడు శుభ్రమైన చీర కట్టుకొని, మర్యాదగా వస్తారు. రోగం మాత్రం పని బట్టల్లో ఉండిపోతాది. ఒక్కసారైనా పనిలోంచి ఉన్నపళంగా రమ్మనండి.

నడికట్టు ఇప్పించినాక గుణం కనపడింది. దగ్గితే ఒంటికి పడిపోవడం ఆగింది. మాపటికి దిగడం తగ్గింది. ఇంక కొన్నాళ్లు చిన్న బండలతో సరిపెట్టుకుంటే గట్టెక్కుతుందని నాకు నమ్మకం కలిగింది.

మేస్త్రీ మాట

ఆ నమ్మకంతోనే ఫ్యాక్టరీకి పోయినాను. ఓబులమ్మ మొగుడు పుల్లయ్య తల వంచుకొని నిలబడినాడు. తాగుబోతు కాదు, కొట్టేవాడు కాదు, కష్టజీవి. మేస్త్రీ నాకు కుర్చీ వేయించి టీ తెప్పించినాడు. ఈ జోడుకు మూడు నెలలు చిన్న బండలు ఇయ్యండప్పా అని అడిగినాను.

"ఏం రోగం మేడమ్ ఆయమ్మకు?"

చుట్టూ పదిమంది మొగోళ్లు. ఓబులమ్మ నా దిక్కే చూస్తాంది, చెప్పొద్దని. "నడుం నొప్పి" అన్నాను.

"నడుం నొప్పి ఎవరికి లేదు మేడమ్? నాకూ ఉండాది. ఆపరేషనా? ఆపరేషనైతే చెప్పండి. కుట్లు పడినోళ్లకు రెండు నెలలు రూము తీయం, జోడు తీసేయం. దానికి మాకు లెక్కుంది. ఎక్సర్‌సైజులకు సెలవేంది మేడమ్?"

అందరూ నవ్వినారు. వాడు ఎగతాళికి అనలేదు, ఉన్న మాటే అన్నాడు. ఈ సీమలో కోత కనపడితేనే రోగం. మూడు కాన్పులైన ఆడది రోజూ టన్నుల రాయి ఎత్తుతూ ఒళ్లు గుల్ల చేసుకుంటే అది రోగం కాదు. పొట్ట మీద కుట్లు పడితే ఊరంతా బ్రెడ్డు ప్యాకెట్లు తీసుకొని చూడటానికి వస్తాది.

ఓబులమ్మ ఆ మాట వినింది. ఆ తర్వాతి వారం నా దగ్గరికి రాలేదు. ప్రొద్దుటూరు వార్డులో మంచం మీద కనపడింది. తనే పోయి డాక్టరమ్మను తీసేయమని అడిగిందంట. డాక్టరమ్మ పొట్ట కోసి తీసేసింది. నాతో ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం ఉందని కూడా ఆమెకు తోచలేదు.

"ఎందుకు ఓబులమ్మా? బాగైతాంటివి గదా."

"బాగైతాంటి మేడమ్. మీరు చెప్పింది నిజమే." నా చేయి పట్టుకునింది. "కానీ సెలవు యాడుంది? ఇప్పుడు మా ఆయన బిందె కూడా ఎత్తనీడు. వేసవి సెలవుల్లో అనిత ఆ కొస పట్టుకుంటాది. బడి తెరిచేలోపల నేను లేస్తా. బడి తెరిచినాక ఒక్క రోజు కూడా దాన్ని ఉండనీను."

రెండు నెలలు పండుకోవడానికి గర్భసంచిని ఇచ్చేసింది ఆ మనిషి. ఆ పొద్దు నాకు డాక్టరమ్మ మీద, మేస్త్రీ మీద, పుల్లయ్య మీద, దేవుడి మీద కూడా కోపం వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కి ఇంటికి పోయినాను.

బడి తెరిచినాక

డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు రెండు నెలల్లో మామూలైపోతావు అని చెప్పింది. ఆమె ఉద్దేశం వంట చేసుకోవడం, చీపురు పట్టడం. బండలెత్తే మనిషితో ఆ మాట అన్నానని ఆమెకు గుర్తు లేదు. రేపు పొద్దున నువ్వు ఎత్తబోయేది ఏంది, ఎంత బరువు, ఎవరితో అని అడగకుండా ఎవరినీ ఇంటికి పంపించొద్దు. డాక్టరు అడగకుంటే మీరు అడగండి. తిడితే పడండి.

నేను రెండుసార్లు ఆ రూముకు పోయి చెప్పినాను, ఆరు నెలలు ముట్టుకోవద్దని. సరే మేడమ్ అనింది. బడి తెరిచిన పొద్దున అనితకు జడేసి, బ్యాగు తగిలించి, బస్టాపు దాకా పోయి ఎక్కించి వచ్చిందంట. వచ్చి, కుట్లు లాగుతాండాయని వాటి మీదనే నడికట్టు బిగించి, బండ కొస పట్టుకునింది. బిడ్డను బడికి పంపిన సంతోషంలో నొప్పి తెలియలేదు మేడమ్ అని తర్వాత నాతో చెప్పింది.

వానలు పడకముందే లోపలి కుట్లు తెగిపోయినాయి. గర్భసంచి తీసేసిన చోట యోని పైభాగం కిందికి జారింది, దాంతోపాటు మూత్రాశయం కూడా. ఈసారి పండుకున్నా లోపలికి పోలేదు. ఒంటికి ఆగడం లేదు. కర్నూలు పోయి ఇంకా పెద్ద ఆపరేషను చేయించుకోవాలి, అది చేసినా ఇంక జన్మలో బరువెత్తకూడదు అన్నారు. నా కండరాల వైద్యం ఇప్పుడు ఆమెకు ఆసరా మాత్రమే, మందు కాదు. ఆ ముక్క నేనే చెప్పాల్సి వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఆమె ఏడ్వలేదు. "అయితే అనిత?" అని ఒక్క మాట అడిగింది.

దసరా సెలవులు అయిపోయినాక ఒకరోజు ఫ్యాక్టరీకి పోయినాను. బడి ఉన్న రోజే. అనిత లారీ కాడ ఉంది, బండకు ఈ కొస. ఆ కొస పుల్లయ్య. నన్ను చూసి బండ దించి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"సిగ్గు లేదా అప్పా నీకు?"

"ఉండాది మేడమ్. ఏం చేయమంటారు? నాకుండేది రెండు చేతులు. బండకు నాలుగు కావాల."

బడికి పోయి టీచర్లకు చెప్పినాను. ఫోన్ చేసి బాలకార్మికుల ఆఫీసు వాళ్లకు చెప్పినాను. వాళ్లు జీపులో వచ్చినారు కూడా. ఆ పొద్దు పిల్ల రూములో తలుపేసుకొని కూర్చుంది, పెద్దోళ్లు మాత్రమే పనిలో కనపడినారు. వాళ్లు రాసుకొని పోయినారు. మీరైతే ఇంకా గట్టిగా పట్టుకుంటారేమో, పట్టుకోండి. నాకు చేతనైంది అంతే.

నేను ఆఖరిసారి పోయిన రోజు ఓబులమ్మ రేకుల షెడ్డు నీడలో, కింద గోనెసంచి పరుచుకొని కూర్చొని ఉంది. లేవలేదు. నన్ను చూసి తల వంచుకునింది. లారీ దగ్గర తండ్రీ కూతురూ పెద్ద బండ ఎత్తబోతాండారు. ఓబులమ్మ ఆడి నుంచే గట్టిగా చెప్తాంది.

"ముందు లోపల బిగించు పాపా. ఆఁ, ఇప్పుడు ఎత్తు. ఊపిరి బిగబట్టొద్దు, నోటితో ఇడువు. మేడమ్ నాకు చెప్పింది ఇట్లనే."

ఆ పిల్ల సరిగ్గా అట్లనే ఎత్తింది. నేను శానామందికి నేర్పినాను గానీ ఇంత బాగా చేసినవాళ్లు తక్కువ. కాళ్లు మాత్రం దగ్గరగా పెట్టింది. నేను పోయి, కాళ్లు ఇంకొంచెం ఎడంగా పెట్టించి, బండను కడుపుకు ఆనించి పట్టుకోమని చూపించినాను. ఇంకో బండ ఎత్తి లారీలోకి తోసి, అనిత నా దిక్కు తిరిగింది.

"ఇప్పుడు తేలిగ్గా ఉండాది మేడమ్" అనింది.